సాగ్ నది వెంట

అలాస్కా ఉత్తరభాగమున, బ్రూక్స్ పర్వతశ్రేణి శిఖరముల నడుమ జన్మించి, సుమారు 290 కిలోమీటర్లు ఉత్తరాభిముఖముగా సాగి బోఫోర్ట్ సముద్రమున గలియు సాగవనిర్క్‌టాక్ నదిని అచ్చటివారు పొట్టిగా సాగ్ అందురు. దాని యొడ్డున చెట్టన్నది కానరాదు. నాచు, లైకెన్లు, తుంగ జాతి గడ్డిదుబ్బులు, పొట్టి విల్లో పొదలు మాత్రమే ఆ నేలకు ఆచ్ఛాదనము. నడివేసవిలోనైనను మూరెడు లోతు దాటి ఆ నేల కరగదు. ఆ దిగువ వందల మీటర్ల వఱకు శాశ్వతహిమమే. మంచుగడ్డపై రంపపుపొట్టు కప్పినట్లు, ఆ నాచే దానిని ఎండవేడిమినుండి కాచుచున్నది.

1968లో నదీముఖమునకు చేరువనున్న ప్రూడో అఖాతమున చమురు బయల్పడగా, 1974లో ఈ లోయ వెంట కంకరబాట వెలసినది. ఆ కంకరలో కొంత నదీగర్భమునుండియే త్రవ్వి తీసినది. బరువులారీలు పోయినప్పుడెల్ల లేచు దుమ్ము మంచుపై వాలి దానిని నల్లబఱచును. నల్లబడిన మంచు ఎండను త్రాగి ముందుగా కరగును. అందుచే వసంతారంభమున, తక్కిన మైదానమంతయు తెల్లగా నుండగనే, బాట ప్రక్కన బయల్పడిన నేలపై బాతులు మేతకు మూగును. అది పక్షులకు తాత్కాలిక లాభమే. కాని సున్నపుపాలు గల ఆ దుమ్ము సోకిన నాచు క్రమముగా నశించును, కప్పు తొలగిన హిమము కరగును, నేల క్రుంగి మడుగులేర్పడును.

బాటకు తోడుగా, 1977లో పని ప్రారంభించిన చమురుగొట్టము 1,287 కిలోమీటర్లు దక్షిణమునకు పోవుచున్నది. వెచ్చని చమురు నేలను కరగించునని యెఱిగిన నిర్మాతలు సగమునకు పైగా దానిని స్తంభములపై నెత్తి, స్తంభములలో అమోనియా నింపిన నాళములమర్చిరి. అవి శీతకాలమున భూమిలోని వేడిని పైకి లాగి గాలిలో విడుచును.

గొట్టము క్రింద ఇంత శ్రద్ధతో నిలుపుకొన్న చలిని ప్రక్కనున్న బాటయే హరించుచున్నది. ఈనుటకు వచ్చు కారిబూ జింకల తల్లులు బాటలకును చమురుబావులకును ఎడముగా తొలగిపోవుచున్నవి. నది ఉత్తరమునకు, చమురు దక్షిణమునకు. దూరప్రాంతములలో దగ్ధమైన ఆ చమురు తాపరూపమున మరల ఈ మైదానమునకే చేరుచున్నది. గొట్టము కూలకుండుటకు చలి ఆవశ్యకమని లెక్కగట్టగలిగిన వారికి, ఆ చలినే నమ్ముకొన్న నాచును, కారిబూలను, నదిని అదే లెక్కలో చేర్చుట అసాధ్యము కాదు. చేర్చకుండుట అజ్ఞానమనిపించుకొనదు, ఉపేక్ష యనిపించుకొనును.