ఉద్దానం స్తంభాల మీది గాజు తీగ

హైస్పీడ్ ఆప్టికల్ నెట్‌వర్క్‌లను పరిశోధనకూ చదువుకూ కొత్త రీతిలో వాడుకున్నవారిని అవార్డులతో గుర్తించే ఆనవాయితీ కొన్ని దేశాల్లో ఉంది. కాలిఫోర్నియా విద్యాసంస్థలు 1997లో ఏర్పాటు చేసుకున్న సెనిక్ అనే నెట్‌వర్క్ సంస్థ ఇలాంటి అవార్డులు ఇస్తోంది. మన దేశంలో అలాంటి హైస్పీడ్ నెట్‌వర్క్ నేషనల్ నాలెడ్జ్ నెట్‌వర్క్. 2010 మార్చిలో కేంద్రం 5,990 కోట్ల రూపాయలతో దీన్ని ఆమోదించింది. వెయ్యికి పైగా విద్యా, పరిశోధన సంస్థలు దీనితో కలిశాయి. శ్రీకాకుళం జిల్లాలో అలాంటి గుర్తింపు కోరదగిన పని ఏదంటే, ముందుగా చెప్పవలసింది ఉద్దానం ప్రాంతపు కిడ్నీ జబ్బు మీద పరిశోధనే.

జీడిపప్పు వ్యాపారానికి పేరుపడ్డ పలాసలోనే 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ఉన్నాయి. 2023 డిసెంబరు 14న ఇవి ప్రారంభమయ్యాయి. ఇక్కడి నుంచి ఉద్దానంలోని వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి వైపు మేము వెళ్లిన దారి పొడవునా కొబ్బరి, జీడిమామిడి తోటలు. ఈ పచ్చదనంలో బతికే కుటుంబాలను దశాబ్దాలుగా కిడ్నీ జబ్బు పీడిస్తోంది. 2019లో వెలువడిన ఒక అధ్యయనంలో 2,210 మందిని పరీక్షిస్తే నూటికి 18 మందికి పైగా జబ్బు కనిపించింది. వారిలో ఎక్కువమందికి మధుమేహం, రక్తపోటు వంటి తెలిసిన కారణాలేవీ లేవు. శ్రీలంకలోనూ మధ్య అమెరికాలోనూ ఇలాంటి జబ్బే ఉంది. నీరు, నేల, ఎండలో చాకిరీ, వంశపారంపర్యం, అన్నిటినీ అనుమానించారు, ఏదీ తేలలేదు.

ఇలాంటి చిక్కు ఒక్క ఆసుపత్రిలో విడదు. మూడు ప్రాంతాల సమాచారాన్ని పక్కపక్కన పెట్టి చూడాలి. నెట్‌వర్క్ అవసరం ఇక్కడే తెలుస్తుంది. కిడ్నీ నుంచి తీసిన ముక్కను గాజు పలకపై స్కాన్ చేస్తే ఒక్కో చిత్రం గిగాబైటు దాకా ఉంటుంది. సెకనుకు 15 మెగాబిట్ల లైనులో అది చేరడానికి దాదాపు తొమ్మిది నిమిషాలు పడుతుంది, గిగాబిట్ లైనులో ఎనిమిది సెకన్లు. ఒక్క చిత్రానికైతే తొమ్మిది నిమిషాలు ఓర్చుకోవచ్చు. వందలకొద్దీ చిత్రాలను దూరాన ఉన్న నిపుణుడు ఒక్కొక్కటిగా పెద్దవి చేసి చూడాలంటే మాత్రం కుదరదు.

ఊళ్లకు ఆప్టికల్ ఫైబర్ తెచ్చింది ఏపీ ఫైబర్‌నెట్. దీన్ని అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ 2017 డిసెంబరు 27న ప్రారంభించారు. భూమిని తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగానే తీగ లాగడంతో ఖర్చు బాగా తగ్గింది. 149 రూపాయల నెలసరి ప్యాకేజీలో 15 మెగాబిట్ల వేగం ఇచ్చారు. తెలివైన ఏర్పాటే, కానీ సముద్ర తీరంలో దానికో గండం ఉంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో వీచింది, తోటలతోపాటు కరెంటు స్తంభాలూ కూలాయి. స్తంభం కూలితే దాని మీది తీగకూ దిక్కుండదు. ఆసుపత్రులకైనా భూగర్భంలో మరో లైను ఉండి తీరాలి.

ఉద్దానం చూసి టెక్కలి వచ్చాం. 2001లో ఇక్కడ మొదలైన ఆదిత్య ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అండ్ మేనేజ్‌మెంట్ వంటి ఇంజనీరింగ్ కళాశాలల్లో కిడ్నీ చిత్రాలను గుర్తుపట్టే ప్రోగ్రాములు రాయడం విద్యార్థులకు మంచి పాఠమవుతుంది. జబ్బు తమ జిల్లాదే కనుక ఆ పని మీద వారికి శ్రద్ధ కుదురుతుంది. ఒక్క జాగ్రత్త తప్పనిసరి. ఉద్దానంలో ఇంట్లో జబ్బుందని తెలిస్తే పెళ్లి సంబంధాలే తప్పిపోతున్నాయి. అందుకని రోగి ఒప్పుకోనిదే ఏ చిత్రమూ బయటికి వెళ్లకూడదు. వెళ్లేది పేరు, ఊరు తీసేసిన తరువాతే.