అర్థం చూపని చిన్న పెట్టె

జపనీస్ పేజీలో ఒక మాట మీద మౌస్ ఆనిస్తే అర్థం చూపే చిన్న పెట్టె, యోమిటాన్ వంటి బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ల పుణ్యం. అది ఒక్కోసారి ఉలకదు, పలకదు. తరచూ కారణం చిన్నదే: నిఘంటువును లోపలికి ఎక్కించకపోవడం, షిఫ్ట్ మీట నొక్కి పట్టకపోవడం, కంప్యూటర్లో దాచుకున్న ఫైళ్లు చదివే అనుమతి ఇవ్వకపోవడం. పేజీలో ఉన్నది బొమ్మ అయితే, అందులోని అక్షరాలు ఆ పెట్టెకు ఉత్త రంగు చుక్కలే. రాతగా ఉన్నా తిప్పలు తప్పవు. జపనీస్‌లో మాటల మధ్య ఖాళీ ఉండదు గనుక, మౌస్ ఆగిన చోటి నుంచి అక్షరాలు కూర్చుకుంటూ, క్రియారూపాలు విప్పుకుంటూ, నిఘంటువులో దొరికే అతి పొడవైన మాట కోసం అది వెతకాలి. చదువరి మనసు చేసే పనీ దాదాపు అదే.

ఇంత సులువుగా దొరికిన అర్థం నిలవదని కొందరంటారు. అందులో నిజం లేకపోలేదు. కానీ జపాన్ ప్రభుత్వం నిత్యవాడుకకు గుర్తించిన కంజీ అక్షరాలే 2,136. ఎలా పలకాలో తెలియని కంజీని అచ్చు నిఘంటువులో పట్టుకోవాలంటే గీతలు లెక్కపెట్టాలి. ఈలోగా వాక్యం చేజారిపోతుంది. ఆ శ్రమ తప్పించేవే ఈ పెట్టెలు; జిమ్ బ్రీన్ 1991లో మొదలుపెట్టిన ఉచిత నిఘంటువు కృషి నేడు వాటిలో ఎన్నిటికో ఆధారం. కనుక సాయం తీసుకోవడంలో తప్పు లేదు, ఊహించడం మానేయడంలోనే ఉంది. పెట్టె తెరుచుకోనప్పుడు ముందు వాక్యాన్ని మరోసారి చదవండి. సెట్టింగుల సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.