నూలు బనియను, తాత కంబళి

ఆఫీసు పని మీద ఫిన్లాండ్ పోయినప్పుడు ల్యాప్‌లాండ్‌లో స్నోమొబైల్ ఎక్కాను. మైనస్ 20 డిగ్రీలు. బండి గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతే, ఆ గాలికి ముఖం మీద మైనస్ 34 మాదిరి తగులుతుంది.

వాళ్లిచ్చిన సూటు వేసుకున్నా, లోపల అమ్మ సర్ది పెట్టిన నూలు బనియనే. ఎక్కేముందు మంచులో నడిచి చెమట పట్టింది. ఆ తడి ఆరలేదు. అరగంటకే వణుకు, వేళ్లు మొద్దుబారినాయి. గైడు బండి ఆపి, మంట దగ్గర కూర్చోబెట్టి, ఉన్ని బనియను ఇచ్చాడు. "ఒంటికి తగిలేది ఉన్ని, దాని మీద ఫ్లీస్, పైన గాలి దూరనిది. నూలు వద్దు" అన్నాడు.

ముళబాగిలులో మా తాత జడివానలో కంబళి కప్పుకొనే చేనికి పోయేవాడు. "తడిసినా వెచ్చగానే ఉంటాదిరా" అనేవాడు. ఆ మాట ముందే తలుచుకొని ఉంటే బాగుండేది. మనోళ్లెవరైనా అట్లాంటి చోటికి పోతే, నూలు బనియన్లు ఇంట్లోనే పెట్టి పోండి.