అరచేతి రాత

టేబుల్ మీద ఆ సీసా పెట్టగానే నాకు ఒళ్లు మండింది. జ్ఞాపకశక్తి టానిక్.

"మూడో సీసా సార్, గుణం కనపట్టం లేదు" అంది తల్లి.

ఎలా కనపడుతుందమ్మా? రోడ్డు కోసుకుపోతే బస్సులో డీజిలెంత పోసి ఏం లాభం?

పక్కనున్న పిల్లకు పదిహేనేళ్లు. ఆరో ఏట చిన్నమెదడులో మెడుల్లోబ్లాస్టోమా అనే క్యాన్సర్ గడ్డ. పొద్దున లేస్తూనే తలనొప్పి, వాంతులు అంటే రెండు నెలలు గ్యాస్ మందులూ ఒక తాయెత్తూ నడిచాయి. తర్వాత ఆపరేషన్, ఆరు వారాల రేడియేషన్ (మా దగ్గర అందరూ 'కరెంటు పెట్టడం' అంటారు), కీమో. బతికింది. గడ్డ పాకకముందే పట్టుకుని పూర్తి వైద్యం చేస్తే ఇప్పుడు పదిమందిలో ఎనిమిది మంది దాకా బతుకుతున్నారు. ఆ లెక్క గొప్పగా చెప్పుకునేవాణ్ణి.

గడ్డ మళ్లీ ఎక్కడా మొలవకూడదని తల నుంచి వెన్ను చివరిదాకా 23.4 గ్రే రేడియేషన్, గడ్డ ఉన్నచోట మొత్తం 54 గ్రే పెడతాం. ఎదిగే మెదడులో కబుర్లు మోసే తెల్లటి తీగలు ఆ కిరణాలకు ఓర్చుకోలేవు. కొత్త జ్ఞాపకాన్ని పదిలం చేసే హిప్పోకాంపస్ కూడా ఆ దారిలోనే ఉంది. నష్టం ఆనాడే బయటపడదు. తోటిపిల్లలు ముందుకు సాగిపోతుంటే, ఏళ్ల మీద తేలుతుంది. ఇదంతా సంతకం పెట్టించుకున్న రోజు చెప్పానా? చెప్పాను. జుట్టు ఊడుతుందనీ వాంతులవుతాయనీ చెప్పిన రెండు మాటల మధ్య ఇరికించి. ఆమె అడిగింది ఒక్కటే: "బతుకుద్దా?"

ఐదేళ్లప్పుడు అమ్మమ్మగారి ఊళ్లో చూసిన తోలుబొమ్మలాట ఈ పిల్ల ఇప్పటికీ పూసగుచ్చినట్టు చెబుతుంది. కొట్టుకు పంపితే మాత్రం ఉప్పు, చింతపండు, అగ్గిపెట్టెల్లో ఉప్పు ఒక్కటే తెస్తుంది. బోర్డు మీది మొదటి లైను ఎక్కించుకునేలోగా మాస్టారు చెరిపేస్తారు. అందుకని తనే ఒక ఉపాయం కనిపెట్టింది, అరచేతిలో బాల్‌పెన్నుతో రాసుకోవడం. టానిక్ కంపెనీలన్నీ కలిసినా ఆ పని చెయ్యలేవు. స్లిప్ టెస్టులో ఆ చెయ్యి చూసి కాపీ అని బయట నిలబెట్టారట. అందులో ఉన్నది 'పాలు, ట్యూషన్ ఫీజు'.

"జబ్బు సంగతి బడిలో చెప్పలేదా?"

"ఆడపిల్ల సార్. రేపు పెళ్లి చెయ్యాలి..."

ఇంట్లో 'బద్ధకం', బడిలో 'మొద్దు'. నిజం మాత్రం స్కాన్ కవర్లో భద్రంగా ఉంది. స్కాన్ బాగుందని మూడేళ్లు ఇటు రాలేదు, థైరాయిడ్ మాత్రలు మానేశారు. ఆ హార్మోన్ తగ్గితే ఉన్న చురుకూ పోతుంది. మళ్లీ మొదలుపెట్టించాను. వినికిడి పరీక్ష రాశాను. కీమోలో ఇచ్చే సిస్‌ప్లాటిన్ చెవుల్నీ వదలదు, చెవిన పడందే మనసులో నిలవదు కదా. సైకాలజిస్టు దగ్గరికి పంపాను.

బడికి ఉత్తరం మొదలుపెట్టాను. ముందు బెంచీ, రాసిపెట్టిన నోట్సు, పరీక్షలో అదనపు సమయం. 2016 చట్టం కింద వైకల్యం సర్టిఫికెట్ వస్తే గంటకు 20 నిమిషాలైనా కలుస్తుందన్నాను. ఆ మాట వినగానే తల్లి ముఖం మాడిపోయింది.

"అది వద్దు సార్. గడ్డ అని కూడా రాయొద్దు."

చింపి, 'చిన్నప్పుడు తలకు చికిత్స జరిగినందువల్ల' అని రాశాను.

"తల అని కూడా..."

విసుక్కున్నాను. ఆమె కళ్లొత్తుకుంది. చివరికి కాగితం మీద మిగిలింది ఒకే వాక్యం: ఈ అమ్మాయికి దయచేసి కొంచెం సమయం ఇవ్వండి.

మేం ఇలా గింజుకుంటుంటే పిల్ల నా పెన్ను తీసుకుని అరచేతిలో రాసుకుంటోంది. 'మాత్ర. పరగడుపున.'