కొత్త ఉల్లిపాయ

ఉల్లిపాయ లేనిదే మన వంటింట్లో పూట గడవదు. కాని అప్పుడే చేనులోంచి వచ్చిన కొత్త ఉల్లిపాయ రుచి మీరు ఎప్పుడైనా గమనించారా? నేను చాలా ఏళ్ళు గమనించలేదు. దానికి కారణం మా అమ్మ పెట్టిన నియమం.

మాది శ్రీకాకుళం వైపు. నాన్నగారికి ఉక్కు కర్మాగారంలో పని దొరకడంతో జంషెడ్‌పూర్ వచ్చి కద్మాలో స్థిరపడ్డాం. ఏప్రిల్ వచ్చిందంటే సాక్చి బజారులో కొత్త ఉల్లి రాశులు పోసేవారు. శీతాకాలంలో నాటిన పంట అప్పుడే చేతికి వస్తుంది. ధర కూడా తక్కువ. అమ్మ వానాకాలం దాకా సరిపడా కొని మంచం కింద పరిచేది. కాని వాటి మీద చెయ్యి వెయ్యనిచ్చేది కాదు. "పాతవి ఉండగా కొత్తవి కొయ్యడం ఏమిటే?" అనేది. బుట్టలో మెత్తబడినవి, మొలకెత్తినవి ఏరి ముందు వండేది. అవి అయిపోయేసరికి మంచం కిందవీ పాతబడేవి. అంటే మేము ఏడాది పొడవునా తిన్నవి పాడవబోయే ఉల్లిపాయలే!

1998లో దేశమంతటా ఉల్లి ధర మండిపోయింది. ఆ తరువాత అమ్మ కాపలా మరీ ఎక్కువైంది. ఆమెను తప్పుపట్టలేను. నెల జీతంతో ఆరుగురిని సాకిన మనిషి.

1999 వేసవిలో అమ్మ మంచం పట్టింది. నోటికి ఏదీ రుచించలేదు. ఒకనాటి ఉదయం చద్దన్నం అడిగింది. మా పొరుగున ఉన్న ఒడియావారు దాన్నే పఖాళ అంటారు. రాత్రి నీళ్ళు పోసి ఉంచిన అన్నంలో మజ్జిగ కలిపాను. ఏమనుకుంటుందోనని భయపడుతూనే, మంచం కింద నుంచి ఒక కొత్త గడ్డ తీసి కోశాను. కళ్ళు మండలేదు. పలుచని పొర, చేతినిండా రసం. అమ్మ ఒక ముక్క కొరికి నా వైపు చూసింది.

"ఇందులో పంచదార వేశావా?"

ముప్పై ఏళ్ళుగా కొంటున్న వస్తువు రుచి ఆమెకు అప్పుడు తెలిసింది.

నిజానికి తియ్యని ఉల్లిలో చక్కెర ఎక్కువగా ఉండనక్కరలేదు. ఉల్లి మొక్క నేలలోని గంధకాన్ని పీల్చుకుంటుంది. గడ్డను కోసినప్పుడు కణాలు చిట్లి, ఆ గంధక పదార్థాల నుంచి కళ్ళు మండించే వాయువు పుడుతుంది. ఆ ఘాటు తక్కువైతే, దాని చాటున ఉన్న తీపి నాలుకకు తెలుస్తుంది. లేత గడ్డలో నీరు కూడా ఎక్కువ. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో 1931లో మోజ్ కోల్మన్ అనే రైతు వేసిన ఉల్లి ఘాటు లేకుండా తియ్యగా పండింది. అక్కడి నేలలో గంధకం తక్కువ. ఇప్పుడు విడేలియా అనే ఊరి పేరుతో ఆ ఉల్లి ప్రసిద్ధం. అటువంటివి ఎక్కువ కాలం నిలవ ఉండవు. నిలవకు ఘాటు ఉల్లే మేలు. కాబట్టి అమ్మ లెక్క పూర్తిగా తప్పని కూడా అనలేం.

ఎండకు విరుగుడని ఇక్కడ కొందరు జేబులో ఉల్లిపాయ పెట్టుకుంటారు. జేబులోని ఉల్లి ఎండను ఆపదు. మీరు మాత్రం నీళ్ళు తాగండి, ఉల్లిని తినండి.

తరువాత నెల రోజులూ అమ్మకు కొత్తదే కోశాను. ఆమె ఒక్కసారి కూడా వద్దనలేదు. వానలు రాకముందే అమ్మ పోయింది.

కర్మలన్నీ అయ్యాక వంటింట్లో పాత బుట్ట కనిపించింది. గడ్డలన్నీ మొలకెత్తి ఉన్నాయి. ఆ కాడలు కోసి పప్పులో వేశాను. నాన్నగారు ఏమీ మాట్లాడకుండా తిన్నారు.