బిళ్ళలూ, కషాయాలూ, మన పెద్దవాళ్ళూ

ఆషాఢంలో మునగాకు తినాలంటారు కదండీ. పప్పులో వేసినా, తెలగపిండితో కూర వండినా ఆ రుచే వేరు. మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు. గుండె కవాటం మార్పించుకుని, రోజూ ఎసిట్రామ్ మాత్ర వేసుకుంటారు. కవాటం మీద రక్తం గడ్డకట్టకుండా చూసే మందు అది. ఆకుకూరలు తగ్గించమని ఆస్పత్రిలో ఎవరో చెబితే ఏడాది పొడుగునా తోటకూర మొహం చూడలేదు. ఆషాఢం రాగానే మాత్రం, శాస్త్రం తప్పకూడదని వారం రోజులు వరసగా మునగాకు తిన్నారు. రక్తం గడ్డకట్టే తీరు చూపే ఐఎన్ఆర్ పరీక్ష చేయిస్తే ఉండాల్సిన దానికంటే బాగా కిందికి పడిపోయింది.

ఆకుకూరల్లో ఉండే విటమిన్ కె ఈ మాత్ర పనికి అడ్డం పడుతుంది. అలాగని ఆకుకూర మానేయక్కర్లేదు. వారానికి ఎంత తింటారో ఏడాదంతా ఇంచుమించు అంతే తింటే, దానికి తగ్గట్టు డాక్టరు మోతాదు కుదురుస్తారు. ఆ మాట విన్నాక ఆయన, "ఈ ముక్క ముందే చెబితే ఇన్నాళ్ళూ గోంగూర మానేవాణ్ణా?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే కదా!

పెద్దవాళ్ళకి మందుల గురించి ఏమీ తెలియదనుకుంటాం. నేను ఒప్పుకోను. వాళ్ళకో లెక్క ఉంటుంది. తెనాలిలో మా పెద్దమ్మకి స్టెంటు వేశారు. ఆవిడ మందులన్నీ పాత బిస్కెట్ డబ్బాలో ఉంటాయి. మాత్రల అట్టల పక్కనే కాగితం పొట్లంలో తెల్లమద్ది చెక్క పొడి, చిన్న సీసాలో అతిమధురం ముక్కలు. ఏది దేనికని అడిగితే తడుముకోకుండా చెప్పింది. "ఇది నీళ్ళ బిళ్ళ, కాళ్ళ వాపు తీస్తుంది. ఇది కొవ్వుకి. ఈ పల్చన బిళ్ళ మాత్రం రోజు మార్చి రోజు వేసుకుంటున్నాలే."

"డాక్టరు గారు అలా చెప్పారా పెద్దమ్మా?"

"ఆయన రోజూ వేసుకోమన్నాడు. రక్తం పల్చబడిపోతే ఒంట్లో సత్తువేం మిగుల్తుందే?"

చూశారా! రక్తమే బలం అన్న నమ్మకంతో పెరిగిన మనిషి అలా కాక ఇంకెలా ఆలోచిస్తుంది? ఆ పల్చన బిళ్ళ ఆస్ప్రిన్. అది రక్తాన్ని తగ్గించదు, నీళ్ళూ కలపదు. రక్తంలోని ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కుని స్టెంటు దగ్గర గడ్డ కట్టకుండా చూస్తుంది, అంతే. ఆ మాట చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. విన్న రోజు నుంచి పెద్దమ్మ ఒక్క పూటా మానలేదు.

అతిమధురం సంగతి ఇంకా పెద్దది. పెద్దమ్మ బీపీకి రామిప్రిల్ వేసుకునేది. ఆ జాతి మాత్రలతో కొందరికి తెరలు తెరలుగా పొడి దగ్గు వస్తుంది. దగ్గు మాత్ర వల్లేనని తెలియక, ఆవిడ చిన్నప్పటి అలవాటు కొద్దీ అతిమధురం ముక్క బుగ్గన పెట్టుకునేది, రోజంతా. అందులోని పదార్థం ఒంట్లో ఉప్పూ నీరూ నిలిపేసి పొటాషియాన్ని బయటికి పంపుతుంది. బీపీ పెరుగుతుంది. నీళ్ళ బిళ్ళ కూడా పొటాషియాన్ని తోడేసేదే. బీపీ దిగడం లేదని మందు పెంచారు. దగ్గూ పోలేదు, అతిమధురమూ మానలేదు. ఆఖరికి డబ్బా మొత్తం పట్టుకెళ్ళి డాక్టరు గారి బల్ల మీద పెడితే గానీ ముడి విడలేదు. ఆయన రామిప్రిల్ తీసేసి, దగ్గు తెప్పించని టెల్మిసార్టన్ రాశారు. కొన్ని వారాలకి దగ్గు తగ్గింది, సీసా అవసరం తీరిపోయింది.

"చెట్టుమందే కదా, ఏం చేస్తుంది?" అనే మాట నాకు మింగుడు పడదు. మేలు చేసే శక్తి ఉన్నది కీడూ చేయగలదు. ఇంగ్లండులో ష్రాప్‌షైర్ అనే చోట ఒక ముసలమ్మ ఒళ్ళు నీరు పట్టిన వాళ్ళకి రహస్యంగా మూలికల మందు ఇచ్చేది. 1775లో విలియం విదరింగ్ అనే వైద్యుడికి ఆ సంగతి తెలిసింది. అందులో ఉన్న ఇరవై పైచిలుకు మూలికల్లో పని చేసేది ఫాక్స్‌గ్లోవ్ అని పోల్చుకున్నాడు. పదేళ్ళు రోగుల మీద మోతాదులు గమనించి 1785లో పుస్తకం అచ్చు వేశాడు. ఇవాళ గుండెకి ఇచ్చే డిగాక్సిన్ మాత్ర ఆ జాతి మొక్కదే. కొంచెం మించితే వాంతులు, చూపులో పసుపు, గుండె లయ తప్పడం. ఒంట్లో పొటాషియం తగ్గితే మామూలు మోతాదే విషమవుతుంది. అంటే డిగాక్సిన్ వాడేవాళ్ళు అతిమధురం జోలికి వెళ్ళకూడదన్నమాట. మన సర్పగంధ కూడా అంతే. దాని వేరు బీపీ తగ్గిస్తుందని బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిష్ పత్రికలో రాస్తే ప్రపంచమంతా చెవి ఒగ్గింది. మోతాదు మించితే మనసు కుంగదీస్తుందని తర్వాత బయటపడింది. ముసలమ్మ మాట విన్నందుకే విదరింగ్ అంటే నాకు గౌరవం. విన్నవాడు కొలిచి కూడా చూశాడు.

కషాయం పేరెత్తితే తిడతారన్న భయంతోనే పెద్దవాళ్ళు దాస్తారు. డాక్టర్లకి నాదొక్కటే విన్నపం: "మందులు వాడుతున్నావా?" అని కాకుండా, "ఇవి కాక ఇంకేం పుచ్చుకుంటున్నారు?" అని అడగండి. తెల్లమద్ది మీద మన దేశంలో చిన్న చిన్న పరిశోధనలు జరిగాయి. వాడాలనుకుంటే చెప్పి వాడాలి, రాసిన మాత్ర మానేసి కాదు. బీపీకి ఇందుప్పు మంచిదనే వాళ్ళున్నారు, అదీ చాలావరకు సోడియం క్లోరైడే. ఇక కొవ్వు మాత్రల్లో అటోర్వా, స్టోర్వాస్, టోనాక్ట్, అటోకార్ నాలుగూ ఒకటే మందు. ఊరు మారి, డాక్టరు మారితే పాతదీ కొత్తదీ కలిపి మింగేసే ప్రమాదం ఉంది. అట్టల మీద ఇంగ్లీషే కనబడుతుంది కాబట్టి స్కెచ్ పెన్నుతో తెలుగులో 'కొవ్వు', 'నీరు', 'బీపీ' అని పెద్ద అక్షరాలతో రాసిపెట్టండి.

గుండె నొప్పికి రాసిచ్చే సార్బిట్రేట్ ఉంటే దాన్ని వేరే పెట్టండి, ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలియాలి. చాలామంది నీళ్ళతో మింగేస్తారు. గుండె నొప్పి వచ్చినప్పుడు దాన్ని నాలుక కింద పెట్టుకోవాలి, అదీ కూర్చుని. బీపీ దిగి కళ్ళు తిరగొచ్చు. అయిదు నిమిషాల్లో నొప్పి తగ్గలేదా, వాము నీళ్ళు కాచే పని పెట్టుకోకుండా 108కి ఫోను చేయండి.