పేరు బ్రేక్ ఇన్‌స్పెక్టర్, చూసింది ఛాసిస్ నంబరు

వరిలో మినుములు చల్లే హడావుడిలో పది రోజులుగా ఏమీ రాయలేకపోయా. ఇవాళ పంట సంగతి కాదు, మా జీపు సంగతి. కాస్త పొడుగే, కానీ మీలో చాలామంది ఇంట్లో పాత బండి ఉంది కాబట్టి చివరిదాకా చదవండి.

మా జీపు 1974 మోడలు మహీంద్రా. 1983లో ఒక గవర్నమెంటు డిపార్టుమెంటు వేలంపాటలో మా నాన్న పాడుకున్నాడు. అప్పుడది పెట్రోలు బండి. పెట్రోలు పోసి పోసి విసిగిపోయి 1987లో డీజిల్ ఇంజను వేయించి, సీ బుక్‌లో కూడా రాయించాడు. అప్పట్నుంచి అదే ఇంజను. నారుమళ్ళకి విత్తనాలు మోసింది, మందు డ్రమ్ములు మోసింది, వానాకాలంలో కాలవ కట్ట బురదైపోయి ఆటోలు రానప్పుడు అర్ధరాత్రి ఊళ్ళో ఆడవాళ్ళని కాన్పుకి తీసుకెళ్ళింది. నాన్న పోయి తొమ్మిదేళ్ళయింది. బండి మాత్రం కొట్టంలోనే ఉంది, తాళం తిప్పితే ఇప్పటికీ పలుకుద్ది.

సొంత బండి రిజిస్ట్రేషను 15 ఏళ్ళ వరకే. ఆ తర్వాత ప్రతి 5 ఏళ్ళకీ బండిని తీసుకెళ్ళి చూపించి, రెన్యువల్ చేయించుకోవాలి. చూసేవాణ్ణి కాగితం మీద మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్ అంటారు. మనం మాత్రం మొదట్నుంచీ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అనే పిలుస్తాం. ఆ పేరు ఊరికే రాలేదు. ఒకప్పుడు ఆయన బండెక్కి, స్పీడుగా పోనిచ్చి, బ్రేకు తొక్కి చూసేవాడు.

2020 డిసెంబరులో నేనేం చేశానో ముందు చెప్తా. తప్పు నాది కూడా ఉంది, దాచుకోను. కోతలు నడుస్తున్నాయి, ఆఫీసు చుట్టూ తిరిగే తీరిక లేదు. బ్రోకర్‌కి డబ్బులిచ్చా. అప్పటికి గవర్నమెంటు ఫీజు 600 రూపాయలే, బ్రోకర్ తీసుకున్నది దానికి నాలుగింతలు. బండి గేటు బయటే ఆపించాడు. ఒకాయన వచ్చి ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకున్నాడు. హారన్ కొట్టమన్నాడు. అంతే, అయిదు నిమిషాలు. బానెట్ ఎత్తలేదు, కింద చూడలేదు, బ్రేకు తొక్కమనలేదు. సాయంత్రానికి "పాస్" అని ఫోనొచ్చింది. నాకూ సంతోషమే అనిపించింది. పని అయిపోయింది కదా అని.

ఆర్నెల్లకి, 2021 జూన్‌లో, నారుమడి దగ్గర్నుంచి ఇంటికొస్తున్నా. పక్క సీట్లో మా మనవరాలు, అప్పుడు దానికి ఆరేళ్ళు. కాలవ కట్ట మీద మలుపు దగ్గర ఎదురుగా గేదెలు వస్తుంటే బ్రేకు తొక్కా. కాలు నేరుగా కిందికి వెళ్ళిపోయింది. మళ్ళీ తొక్కా, గాలి తొక్కినట్టే ఉంది. ఎడమ పక్కన నిండుగా కాలవ, కుడి పక్కన దున్నిన చేను. గేరు దించి, హ్యాండ్ బ్రేకు బలమంతా పెట్టి లాగి, స్టీరింగు చేను వైపు కొట్టా. బండి గట్టు దిగి దుక్కిలో నాలుగు బారలు పోయి ఆగింది. మనవరాలి నుదురు ముందు కడ్డీకి తగిలి బొప్పి కట్టింది. అంతకు మించి ఏమీ కాలేదు. అది ఏడవలేదు గానీ నా చేతులు మాత్రం అరగంట వణికాయి.

మా మెకానిక్ సాయిబు గారు వచ్చి బండి కింద పడుకుని టార్చిలైటు వేసి చూశారు. వెనక ఇరుసు మీదగా పోయే బ్రేకు పైపు తుప్పు పట్టి చిల్లు పడింది. మన పాత జీపుల్లో మాస్టర్ సిలిండరు ఒకటే, దాన్నుంచి నాలుగు చక్రాలకీ ఒకటే దారి. ఎక్కడ కారినా మొత్తం బ్రేకు పోద్ది. తర్వాత వచ్చిన కార్లలో రెండు దార్లుంటాయి, ఒకటి పోయినా రెండోది పట్టుకుంటుంది. "ఇది ఇవాళ పట్టిన తుప్పు కాదండీ, ఏళ్ళనాటిది. ఎవరన్నా ఒక్కసారి వంగి గోకి చూస్తే తెలిసిపోను" అన్నారు సాయిబు గారు.

ఆ మాట నా చెవుల్లోంచి పోలేదు. ఒక్కసారి వంగి చూస్తే. వంగి చూడటానికే కదా ఫీజు కట్టింది. వంగకుండా ఉండటానికి నేనే కదా బ్రోకర్‌కి ఇచ్చింది.

పైపులన్నీ కొత్తవి వేయించా. మాస్టర్ సిలిండరు, వీల్ సిలిండర్లు, షూలు అన్నీ మార్పించా. 12,000 చిల్లర అయింది. అప్పుడే అనుకున్నా, ఈసారి రెన్యువల్‌కి బ్రోకర్ లేకుండా నేనే వెళ్ళి, బండిని పూర్తిగా చూడమని అడుగుతా అని.

ఆ "ఈసారి" ఈ కార్తీక మాసంలో వచ్చింది. గడువుకి 60 రోజుల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు. దాటితే కారుకి, జీపుకి నెలకి 500 చొప్పున అపరాధ రుసుం. ఫీజు సంగతి మీకు తెలిసిందే. 600 ఉన్నది 2022 ఏప్రిల్ నుంచి 5,000 చేశారు. 2025 ఆగస్టులో మళ్ళీ మార్చి, 20 ఏళ్ళు దాటిన కార్లు, జీపులకి 10,000 చేశారు. పాత మోటారు సైకిలుకే 2,000. దీని మీద గ్రీన్ టాక్సు వేరు, ఇన్సూరెన్సు వేరు. సరే, కట్టా. 10,000 తీసుకుంటున్నారంటే ఈసారి గట్టిగానే చూస్తారులే అని నాకు నేనే సర్ది చెప్పుకున్నా.

మొదటిసారి వెళ్తే పొగ చూశారు. పాత డీజిలు బండికి పొగ లెక్క 65 దాటకూడదు, మాది లోపలే ఉంది. లైట్లు బాగానే ఉన్నాయి. వెనక రిఫ్లెక్టరు ఒకటి పగిలిందని వెనక్కి పంపారు. అది న్యాయమే. 30 రూపాయల వస్తువు, నేనే చూసుకోవాల్సింది.

రెండోసారి వెళ్తే బండిని మెషిన్ రోలర్ల మీదకి ఎక్కించారు. కాలి బ్రేకు నాలుగు చక్రాలకీ బాగానే చూపించింది. హ్యాండ్ బ్రేకు దగ్గర మాత్రం మెషిను ఎర్ర లైటు వేసింది. ఫెయిల్.

ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి. ఈ కాలం కార్లలో హ్యాండ్ బ్రేకు వెనక చక్రాల్ని పట్టుకుంటుంది. పాత జీపులో అలా కాదు. గేరు పెట్టె వెనక, షాఫ్టు మొదట్లో చిన్న డ్రమ్ము ఉంటుంది. హ్యాండ్ బ్రేకు లాగితే అది షాఫ్టుని పట్టుకుంటుంది. షాఫ్టు ఆగితే, రెండు చక్రాలూ నేల మీద ఉన్నంతవరకు, బండి కదలదు. కానీ రోలరు మీద ఒక చక్రాన్ని తిప్పితే షాఫ్టు ఆగి ఉన్నా డిఫరెన్షియల్ వల్ల రెండో చక్రం ఎదురు తిరుగుద్ది. ట్రాక్టరు వెనక భాగం జాకీ మీద లేపినప్పుడు మీరు చూసే ఉంటారు. అందుకని ఈ రకం హ్యాండ్ బ్రేకుని రోలర్ల మీద కాదు, ఏటవాలు మీదో రోడ్డు మీదో చూడాలి.

అక్కడున్న కుర్రాడికి ఇదంతా చెప్పా. మంచివాడే, మర్యాదగానే మాట్లాడాడు. "బాబాయ్ గారూ, నేను ఫెయిల్ చేయలేదు, మెషిన్ చేసింది. నా చేతిలో ఏం లేదు" అన్నాడు.

"బాబూ, నాలుగేళ్ళ కింద నన్నూ నా మనవరాల్నీ కాలవలో పడకుండా ఆపింది ఈ హ్యాండ్ బ్రేకే. అది సరే, ఒక్కసారి బండి కిందకి వంగి బ్రేకు పైపులు చూడు. పాత బండికి అసలు చూడాల్సింది అక్కడ" అన్నా. వెనకాల వరుసలో ఇరవై బండ్లున్నాయి. వాటి వంక చూసి, "మా లిస్టులో అది లేదు బాబాయ్ గారూ" అన్నాడు.

ఇంటికొచ్చాక ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు. మా బావ అయితే "తుక్కుకి ఇచ్చెయ్యరా, గొడవ వదిలిపోద్ది" అన్నాడు. హైదరాబాదులో ఉండే మా అబ్బాయి "నాన్నా, 50 ఏళ్ళు దాటింది కదా, వింటేజ్ కింద పెట్టేద్దాం" అన్నాడు. 2021 జులైలో కేంద్రం ఆ రూల్సు తెచ్చింది. 50 ఏళ్ళు దాటిన బండ్లకి "వీఏ" అక్షరాలతో వేరే నంబరు ఇస్తారు. కొత్తగా చేయించుకోవడానికి 20,000, పదేళ్ళు చెల్లుతుంది. చదివితే రెండు చోట్ల ఆగిపోయాం. ఒకటి, బండి అసలు రూపంలోనే ఉండాలి, ఇంజను మార్చి ఉండకూడదు. మా నాన్న 1987లోనే మార్చేశాడు. రెండోది, ఆ నంబరుతో రోజువారీ రోడ్డెక్కకూడదు. ర్యాలీకో, ప్రదర్శనకో, ఆయిలు పోయించడానికో, రిపేరుకో తప్ప తీయకూడదు. చేలోకి విత్తనాలు తీసుకెళ్ళడం ప్రదర్శన కిందకి రాదు కదా!

మా చెల్లెలి కొడుకు ఇంగ్లాండులో ఉంటాడు. ఫోనులో ఇదంతా విని నవ్వాడు. అక్కడ 40 ఏళ్ళు దాటి, పెద్ద మార్పులు చేయని కార్లకి 2018 మే నుంచి ఏటా చేయించే తనిఖీ తప్పనిసరి కాదట. బండి బాగుండేలా చూసుకునే బాధ్యత మాత్రం యజమానిదేనట. "మనకీ అలా ఉంటే బాగుండు కదా మామయ్యా" అన్నాడు. నాకు మాత్రం బాగుండదనిపించింది. వదిలేస్తే ఏమవుద్దో దుక్కిలో నిలబడి చూశా నేను. మన ఊళ్ళలో బండిని వారానికోసారి తుడిచి ముద్దు చేసుకునేవాళ్ళు ఎంతమంది? కదిలినంతకాలం తోలి, ఆగినప్పుడు మెకానిక్‌ని పిలుస్తాం. మనకి తనిఖీ ఉండాలి. కానీ తనిఖీ అంటే తనిఖీలాగా ఉండాలి.

మూడోసారి వెళ్ళా. ఈసారి వేరే ఇన్‌స్పెక్టరు ఉన్నారు. వయసైన మనిషి, ఇంకో ఏడాదో రెండేళ్ళో సర్వీసు ఉంటుందేమో. మెషిన్ కాగితం చూసి, బండి చూసి, "దీని హ్యాండ్ బ్రేకు షాఫ్టు మీద కదయ్యా, రోలరు ఎక్కించారేంటి" అని తనే అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. బండిని గేటు దగ్గర ఏటవాలుకి తెమ్మన్నారు. హ్యాండ్ బ్రేకు లాగి న్యూట్రల్‌లో పెట్టించారు. బండి అంగుళం కదల్లేదు. రోడ్డు మీదకి తోలించి బ్రేకు తొక్కించారు. తర్వాత జేబులోంచి ఫోను తీసి, లైటు వేసుకుని, ప్యాంటుకి మట్టి అంటుతున్నా మోకాళ్ళ మీద కూర్చుని కిందకి వంగారు.

పైపులు చూసి బాగున్నాయన్నారు. ముందు చక్రం పట్టుకుని అటూ ఇటూ ఊపారు. మళ్ళీ ఊపారు. "టై రాడ్ ఎండ్ అరిగింది. స్టీరింగులో ఆట ఎక్కువుంది, నీకు తెలియట్లేదా?" అన్నారు. రోజూ తోలే చెయ్యి కదా, అలవాటైపోయి నాకు తెలియలేదు. "ఇది మార్చుకుని రా, అప్పుడు సంతకం పెడతా" అని పంపేశారు.

అది మూడోసారి ఫెయిల్ అవడం. నిజం చెప్తున్నా, కోపం రాలేదు. దారిలోనే సాయిబు గారి షెడ్డు దగ్గర ఆగి విప్పిస్తే, బాల్ చేతిలోకి ఊడొచ్చేలా ఉంది. ఇంకో నాలుగు నెలలు తోలితే ఏ కట్ట మీదో ఊడిపోయేది. 900 రూపాయలతో పోయింది. నాలుగోసారి వెళ్తే చూసి సంతకం పెట్టారు.

పాసైన 2020 తనిఖీ నా మనవరాల్ని చంపబోయింది. ఫెయిల్ చేసిన ఈ తనిఖీ మమ్మల్ని కాపాడింది. 10,000 ఫీజు నాకు భారమే, పాత బండి ఉన్న ఏ రైతుకైనా భారమే. కానీ వంగి చూసే మనిషి ఉంటే ఆ డబ్బు దండగ అనుకోను. మెషిన్లు పెట్టండి, కాదనను. పొగ కొలవడానికి, లైటు కొలవడానికి మనిషి కన్నా అవే నయం. పాత బండ్లకి మాత్రం వేరే లిస్టు రాయండి. ఏ బండికి హ్యాండ్ బ్రేకు ఎక్కడుందో, ఏళ్ళు గడిస్తే ఏది తుప్పు పడుద్దో, ఏది అరుగుద్దో అందులో ఉండాలి. పొలం పనికి వాడే పాత బండి అటు మ్యూజియంలో పెట్టేదీ కాదు, ఇటు తుక్కూ కాదు. దానికీ ఒక గడి ఉండాలి.

మనం చేయాల్సింది కూడా ఉంది. బ్రోకర్‌కి ఇచ్చే డబ్బు మెకానిక్‌కి ఇవ్వండి. రెన్యువల్‌కి నెల ముందే బండి కింద లైటు వేసి బ్రేకు పైపులు గోకి చూడమనండి. బ్రేకు ఆయిలు గాలిలో చెమ్మని పీల్చుకుంటుంది, పైపుల్ని లోపల్నుంచి తినేస్తుంది. రెండేళ్ళకోసారి మొత్తం తీసి కొత్తది పోయించండి. టైరు పక్కన నాలుగంకెలుంటాయి, 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. గాడి లోతున్నా రబ్బరు ముసలిదై ఉండొచ్చు. ట్రాక్టరు ట్రక్కు వెనక రిఫ్లెక్టరు లేనివాళ్ళు రేపే అంటించండి, వడ్లు తోలే రోజులు, చీకట్లో వెనకొచ్చేవాడికి మన ట్రక్కు కనపడదు.

మా మనవరాలికి ఇప్పుడు పదేళ్ళు. నిన్న సాయంత్రం జీపెక్కి, "తాతయ్యా, బ్రేకు చూశావా?" అని అడిగింది. అది ఆ రోజు నుంచీ ఎక్కిన ప్రతిసారీ అడుగుతుంది. నేను తొక్కి చూపించాకే తాళం తిప్పుతా.

మీ పాత బండ్ల తనిఖీల్లో ఏం జరిగిందో కింద రాయండి. ఉంటాను.